రెండవ జట్టులోని బాలుడు

ప్రతి సంవత్సరమును తొలకరి వానలు పడిన కొలది దినములకే మన పాఠశాలలోను, మన వంటి ఇతర పాఠశాలలలోను ఫుట్‌బాల్ జట్టుల పట్టికలు నోటీసు పలకమీద వెలయును. మొదటి జట్టు, రెండవ జట్టు అని రెండు శీర్షికలు. వాని క్రింద పేరులు. అడుగున వ్యాయామోపాధ్యాయుని సంతకము. బాలురు గుంపులు గూడి చదువుదురు. తన పేరు మొదటి వరుసలో గన్నవాడు ఎగిరి గంతులు వేయును. రెండవ వరుసలో గన్నవాడు తల వంచుకొని తరగతికి పోవును. ఎచ్చటను గాననివాడు ఆ సాయంకాలము మైదానమునకే రాడు. సంవత్సరాంతము వరకు ఆ కాగితము మారదు. ఈ విషయమై మా యభిప్రాయమును విద్యార్థులకును, తలిదండ్రులకును, ఉపాధ్యాయవర్గము వారికిని ఈ సంచికలో మనవి చేయదలచితిమి.

మా యభిప్రాయ మిది. 14 ఏండ్ల లోపు బాలబాలికల విషయమున ఆ పట్టికను సిరాతో గాక సుద్దతో వ్రాయుట మేలు. జట్టులే వలదని మేము చెప్పుట లేదు. సమాన బలము గలవారు తమలో తాము ఆడుకొనుట అందరికిని లాభకరమని ఎరుగుదుము. కాని జూలై మాసమున ఒకనాటి సాయంకాలము గంటసేపు చూచి నిర్ణయించిన చోటు మార్చి వరకు ఆ బాలుని పేరునకు అంటుకొని యుండుటయు, ఆరవ తరగతిలో అంటుకొన్నది పదవ తరగతి వరకు వదలకుండుటయు మాకు సమ్మతము గాదు. బాలుడు పెరుగుచున్నంత కాలము వాని చోటును కదలుచుండవలెను. పైకి, క్రిందికి, ఒక్కొకప్పుడు ప్రక్కకు.

11 ఏండ్ల బాలురను వరుసగా నిలిపి ఏరునపుడు మన మేరుచున్న దేమి? ఆట యని యనుకొందుము. చాల సార్లు మన మేరునది ఎత్తు. వయస్సును బట్టి జరుగు పోటీలలో ఒక సంవత్సరపు జనవరి మొదలు డిసెంబరు వరకు జన్మించిన వారందరును సాధారణముగా ఒకే శ్రేణిలో లెక్కింపబడుదురు. జనవరిలో పుట్టినవానికిని డిసెంబరులో పుట్టినవానికిని ఇంచుమించు ఒక యేడు తేడా. నలుబదియేండ్లవారి నడుమ అది లెక్కలోనికి రాదు. 11 ఏండ్ల వానికి అది వాని జీవితములో పదునొకండవ పాలు. బెల్జియము దేశమున దీనికి చక్కని నిదర్శనము దొరికినది. అచ్చట 1997వ సంవత్సరము వరకు బాలుర వయస్సును ఆగస్టు 1వ తేది నుండి లెక్కించెడివారు. ఆ సంవత్సరమున దానిని జనవరి 1వ తేదికి మార్చిరి. మార్పునకు ముందు ఎన్నుకొనబడిన బాలురలో ఆగస్టు మొదలుగా గల మాసములలో పుట్టినవారు అధికముగా నుండిరి. మార్పునకు తరువాత జనవరి మొదలుగా గల మాసములవారు అధికులైరి. దేశ మదే, ఆట యదే. మారినది పంచాంగములో ఒక తేది మాత్రమే. హెల్సెన్ మొదలగు పండితులు ఈ పరిశోధనను 2000వ సంవత్సరమున ప్రకటించిరి. ఆగస్టు బిడ్డలలో నుండిన ప్రతిభ ఒక్క యేటిలో ఎచ్చటికి పోయినదో, జనవరి బిడ్డలకు ఎచ్చటినుండి వచ్చినదో పాఠకులే యోచింతురు గాక.

మన ప్రాంతమున ఈ లెక్కకు వేరొక చిక్కు కూడ నుండెడిది. పూర్వపు బడి రిజిస్టరులను తిరుగవేసినచో జూన్ మాసమున జన్మించిన బాలుర సంఖ్య చూచి యెవరికైనను ఆశ్చర్యము కలుగును. బడిలో వేయు దినమునకు అయిదేండ్లు నిండునట్లు తేది చెప్పిన తాతలు తక్కువవారు గారు. జనన ధ్రువపత్రములు వచ్చిన పిదప ఈ వాడుక తగ్గినది.

పుట్టిన తేది సరియైనదే యైనను దేహము దాని మాట వినదు. బాలురు మిక్కిలి వేగముగా ఎదుగు కాలము సగటున 14వ యేటి ప్రాంతము. బాలికలకు అది ఇంచుమించు రెండేండ్లు ముందు. ఇది సగటు మాత్రమే. ఒకడు 12వ యేటనే మీసకట్టుతో వచ్చును, మరియొకడు 16వ యేటగాని మొదలుపెట్టడు. ఒకే బల్లమీద గూర్చున్న ఇద్దరు ఎనిమిదవ తరగతి బాలురలో ఒకని దేహము 15 ఏండ్లది, రెండవవానిది 11 ఏండ్లది కావచ్చును. వారిద్దరును బంతికై భుజము భుజము తాకినపుడు ఎవడు పడునో చెప్ప నక్కరలేదు. ఎదుగుదల ముమ్మరముగా నున్న యేట బాలుడు 9, 10 సెంటీమీటర్లు పెరుగును. అప్పుడు మరియొక వింత జరుగును. నిన్నటి వరకు బంతిని దారముతో గట్టినట్లు త్రిప్పినవాడు హఠాత్తుగా తన కాళ్లు తనవి కానట్లు తడబడును, మోకాలి చిప్పకు దిగువ నొప్పి యనును, పరుగు మందగించును. తొమ్మిదవ తరగతిలో ఇట్టి వానిని చూచి "వీడు చెడిపోయినాడు, శ్రద్ధ తప్పినది" అని క్రింది జట్టునకు త్రోసి మరచిపోవుట మామూలు. పొట్టకు వచ్చిన పైరును గింజలు లేవని కోసివేయు రైతు ఉండునా? వానికి అప్పుడు కావలసినది కొంచెము విశ్రాంతి, కొంచెము తేలికయైన ఆట, ఆరు నెలల ఓరిమి. క్రింది జట్టులో కొన్నాళ్లు ఆడుటయే వానికి హితము కావచ్చును. కాని తిరిగి వచ్చు త్రోవ తెరచియున్నదని వానికి తెలియవలెను.

ఇంగ్లండులో 2015వ సంవత్సరమున ప్రీమియర్ లీగు వారి యాజమాన్యమున ఒక క్రొత్త తరహా పోటీ జరిగెను. నాలుగు క్లబ్బుల నుండి 11 మొదలు 14 ఏండ్ల వయస్సుగల బాలురను తీసికొని, వయస్సును బట్టి గాక ఎదుగుదలను బట్టి జట్టులు చేసిరి. బాలుడు పెద్దవాడైన పిమ్మట ఎంత ఎత్తు కాబోవునో అంచనా కట్టి, దానిలో నూటికి 85 మొదలు 90 వంతుల వరకు ఇప్పటికే పెరిగియున్నవారి నందరిని ఒకచోట చేర్చిరి. ఈ అంచనాకు బాలుని వయస్సు, ఎత్తు, బరువు, వాని తలిదండ్రుల ఎత్తు తెలిసిన చాలును. పోటీ ముగిసిన తరువాత బాలురనే అడిగిరి. ఆలస్యముగా ఎదుగుచున్న వారు, తమ నేర్పును చూపుటకును ఇతరులకు ముందు నిలిచి ఆడించుటకును అవకాశము దొరికినదని సంతసించిరి. ఇది మన మూహింపదగినదే. ముందుగా ఎదిగినవారు చెప్పినది మాకు అంతకంటె విలువైనదిగా తోచినది. ఆట తమకు కష్టమైనదనియు, దేహబలముతో నెగ్గుటకు వీలులేక బంతిని త్వరగా అందించుచు ఆలోచించి ఆడవలసి వచ్చినదనియు వారు చెప్పిరి.

ఈ మాటను మేము ప్రత్యేకముగా చదువరుల దృష్టికి తెచ్చుచున్నాము. చోటు కదలకుండుటవలన నష్టపోవువాడు చిన్నవా డొక్కడే యని లోకులు తలంతురు. ఏడవ తరగతిలో అందరికంటె బలిష్ఠుడై, బంతిని ముందునకు తన్ని, దాని వెంట పరుగెత్తి, అడ్డువచ్చినవారిని తోసి గోలు చేయు బాలుడు మనకందరకు తెలిసినవాడే. మూడు సంవత్సరములు వానికి చప్పట్లు కొట్టుదుము. పదవ తరగతికి వచ్చునప్పటికి తక్కినవారును వాని యెత్తు అయిరి. అప్పుడు వాని చేతిలో నేమి మిగిలెను? వానిని ఏడవ తరగతిలోనే వారమున కొకసారి తొమ్మిదవ తరగతి వారితో ఆడించియున్నచో బలము చాలని చోట బుద్ధి నుపయోగించుట నేర్చియుండును. పైకి కదలించుట వానికి బహుమానము మాత్రమే గాదు, మందు కూడ.

నార్వే దేశమున పిల్లల క్రీడలను గూర్చి అచ్చటి క్రీడాసమాఖ్య వారు 2007వ సంవత్సరమున కొన్ని హక్కులను నిర్ణయించిరి. వాని ప్రకారము 11వ యేడు వచ్చువరకు పిల్లల పోటీలలో గెలుపోటముల పట్టికలు ప్రకటింపరాదు. ఆ దేశపు నైరుతి తీర ప్రాంతమున బ్రీనె యను చిన్న పట్టణము గలదు. అచ్చటి క్లబ్బులో సుమారు 40 మంది పిల్లల గుంపు ఒకటి ఒకే శిక్షకుని క్రింద చిన్ననాటి నుండి కలిసి పెరిగెను. వారిలో బాలిక యొకతె. వీరిలో శ్రేష్ఠులను వేరుచేసి తక్కినవారిని ఇంటికి పంపలేదు. వీలైనంత మంది, వీలైనంత కాలము ఆటలో నిలువవలెనన్నదే వారి పద్ధతి. ఆ గుంపులో తక్కిన వారికంటె ఒక యేడు చిన్నవాడు, ఆ కాలమున బక్కపలుచని వాడునైన ఒక బాలుడుండెను. వాని పేరు ఎర్లింగ్ హాలండ్. నేడు అతని ఎత్తు 195 సెంటీమీటర్లు. 2022వ సంవత్సరమున మాంచెస్టర్ సిటీ క్లబ్బున చేరి ఆ మొదటి ఋతువులోనే లీగు పోటీలలో 36 గోలులు చేసి ప్రీమియర్ లీగులో క్రొత్త లెక్క నెలకొల్పెను. 40 మందిని కలిపి ఆడించిన ప్రతిచోటను హాలండు పుట్టునని మేము చెప్పబోము. అతని తండ్రియు నార్వే జాతీయ జట్టున ఆడినవాడే. విత్తనములో బల మున్నది. మేము చూచున దది గాదు. ఆ గుంపులో ఇంక కొందరును ఫుట్‌బాలును వృత్తిగా స్వీకరించిరి, వృత్తిగా స్వీకరింపనివారిలో పెక్కుమంది యౌవనము వచ్చువరకు ఆటను విడువలేదు. తనతోడి పిల్లలు నిలిచియుండుటవలన శ్రేష్ఠుడు చెడిపోలేదు. శ్రేష్ఠులు వారితో నుండుటవలన సామాన్యులును చెడిపోలేదు.

ఇంత దూరము పోవలసిన పనియు లేదు. హైదరాబాదు నగరమున సయ్యద్ అబ్దుల్ రహీం గారను ఉపాధ్యాయు లుండిరి. వృత్తిచే బడిపంతులు; ఫుట్‌బాలు నేర్పుటలో దేశమున ఆయనకు సాటివారు అరుదు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు రోవర్స్ కప్పును గెలిచెను. 1956వ సంవత్సరమున మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు నాలుగవ స్థానము పొందినదియు, 1962వ సంవత్సరమున జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము పొందినదియు ఆయన చేతిక్రిందనే. ఆయన చిన్నవారికి పోటీలు పెట్టిన విధము మిక్కిలి ముచ్చటైనది. ఒక పోటీలో బంతిని కాలివద్ద పెట్టుకొని త్రిప్పరాదు, వచ్చినది వచ్చినట్లు తోటివాని కందింపవలెను. మరియొక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడవలెను. ఈ నియమముల క్రింద నిన్నటి శూరుడు నేడు తడబడును, నిన్న వెనుకబడినవాడు నేడు ముందునకు వచ్చును. ఎవని శక్తి ఎచ్చట దాగియున్నదో పట్టికలు చూచి తెలియదు, ఆటను మార్చి చూచిన తెలియును. ఆ పోటీలు పెట్టినవారు ఒక బడిపంతులు గదా యని జ్ఞప్తికి వచ్చినపుడెల్ల మాకు కొంచెము గర్వము కలుగును.

జకార్తాలో జరిగిన సంగతి మరియొకటి. జర్నైల్ సింగ్ గారు భారత జట్టులో వెనుక నిలిచి కాపాడువారు. పోటీల నడుమ తలకు గాయమై కుట్లు పడెను. వెనుక నిలిచినచో పైకి వచ్చు బంతులను తలతో కొట్టక తప్పదు. రహీం గారు ఆయనను ఇంటికి పంపక ముందు వరుసలో ఆడించిరి. జర్నైల్ సింగ్ గారు సెమీఫైనలులో ఒక గోలు చేసిరి, దక్షిణ కొరియాతో జరిగిన ఫైనలులో రెండు గోలులలో ఒకటి వారిదే; భారతము 2-1 గెలిచినది. రహీం గారు ఆ మరుసటి సంవత్సరమే, 1963లో, కేన్సరు వ్యాధిచే కాలధర్మము నొందిరి. మన సికింద్రాబాదు క్లబ్బులలో ఆట ప్రారంభించిన పీటర్ తంగరాజు గారి కథయు ఇట్టిదే. సైన్యములో చేరిన క్రొత్తలో ఆయన ముందు వరుసలో మధ్యస్థానమున ఆడువారు; తరువాతనే గోలు కాచుటకు మారిరి. 1958వ సంవత్సరమున ఆసియా ఖండమున కెల్ల ఉత్తమ గోల్‌కీపరుగా ఎన్నుకొనబడిరి. ఆయనను ఎవరైనను పదవయేటనే "నీవు ఫార్వర్డువు" అని ముద్రవేసి యుంచినచో ఆసియాకు ఆ గోల్‌కీపరు లేకపోయెడివాడు.

మన పిల్లలకు మనము చేయుచున్న దేమి? లావుపాటివానిని గోలులో నిలుపుదుము. ఎడమకాలివానిని ఎడమ ప్రక్కన పాతుదుము. నెమ్మదిగా మాటలాడువానిని బ్యాకుగా వేయుదుము. ఎందుకో మాకు తెలియదు గాని అన్ని బడులలోను ఇట్లే. ఎనిమిదవ తరగతి వరకు ప్రతి బాలుడును సంవత్సరములో రెండు మూడు స్థానములలోనైన ఆడవలెను. గోలులో కూడ ఒకటి రెండు సార్లు నిలువవలెను. గోలులో నిలిచి చూచినవాడు గోల్‌కీపరును తిట్టడు.

ఇక ఒక చిన్న లెక్క. మైదాన మొక్కటి. సాయంకాలము గంటన్నర. జట్టుకు 11 మంది చొప్పున 22 మంది ఆడుదురు. తక్కినవారు గోడమీద గూర్చుందురు. ఆడు 22 మందిలోను చిన్నపిల్లలైనచో బంతి తాకువారు ఏడెనిమిది మంది మాత్రమే. కొందరు చివర నిలిచి గడ్డి పీకుచుందురు. అదే మైదానమును సున్నముతో నాలుగు భాగములు చేసి, ప్రతిభాగమున అయిదుగురికి అయిదుగురిని ఆడించినచో ఒకేసారి 40 మంది ఆడుదురు. బంతి ప్రతివాని కాలికిని వచ్చును. ఇది మా కల్పన గాదు. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము 2012వ సంవత్సరమున చేసిన నిర్ణయము ప్రకారము 11, 12 ఏండ్ల వారికి జట్టుకు తొమ్మిదిమంది, అంతకు చిన్నవారికి ఏడుగురు, ఇంకను చిన్నవారికి అయిదుగురు అని ఏర్పరచి, పదమూడవ యేటి శ్రేణి నుండియే 11 మంది యాటను మొదలుపెట్టిరి. జర్మనీలో 2024వ సంవత్సరపు ఋతువు నుండి చిన్నపిల్లలకు ముగ్గురేసి ఆడు ఆటలను నిర్బంధము చేసిరి. చిన్న భాగములలో ఆడునపుడు జట్టులు మార్చుటయు సులభము. అరగంటకొకసారి ఈల వేసి, గెలిచినవారిని ఒక భాగము పైకి, ఓడినవారిని ఒక భాగము క్రిందికి పంపినచో ఎవని సమానులు ఎవరో వారమునకు వారము దానంతటదే తేలును. ఎవరి మనస్సును నొవ్వదు. ఎందుకనగా రేపు మరల మారును.

మైదానమును గూర్చి చెప్పునపుడు మరియొక సంగతి. సాయంకాలము ఎన్నిక జరుగునపుడు హాస్టలు పిల్లలు మాత్రమే స్థిరముగా కనబడుదురు. పల్లెలనుండి వచ్చువారు నాలుగున్నర బస్సునకు పోక తప్పదు. బస్సు బాలుర ఆట నెవరును చూడరు. వారికై వారమున కొకదినము మధ్యాహ్న విరామమున గాని, శనివారము ఉదయమున గాని చూచు ఏర్పాటు చేయుట న్యాయము.

మా మాటకు ఆక్షేపణలు లేకపోలేదు. "ఇట్లు కదలించుచుండిన పిల్లల నడుమ పొత్తు కుదరదు, ఒకరి ఆట ఒకరికి తెలియదు" అని కొందరు పెద్దలు మాతో ననిరి. ఇందు నిజము కలదు. వారమున కొకసారి జట్టును తలక్రిందులు చేయుమని మేము కోరము. ఆరు వారముల కొకసారి పట్టికను తిరిగి చూచిన చాలును. పోటీలకు పేరులు పంపిన తరువాత ఆ పోటీ ముగియువరకు జట్టును కదలింప పనిలేదు. పదవ తరగతివారు జిల్లా ఫైనలు ఆడునపుడు బలమైన పదునొకండుగురే ఆడుదురు గాక; అచ్చట దయతో చోటిచ్చుట ఇరువురికిని మర్యాద గాదు. ఎనిమిదవ తరగతి లోపు వారి ఆటలలో మాత్రము జెర్సీ తొడిగి వచ్చిన ప్రతి బాలుడును కనీసము సగము కాలమైన ఆడవలెనని మా దృఢాభిప్రాయము. షీల్డు పోవునన్న భయమొకటి. పోవచ్చును. చిన్నవారి షీల్డు ఒక యేడు రాకపోయిన యెడల ప్రధానోపాధ్యాయుని గదిలో అద్దాల బీరువా కొంచెము ఖాళీగా నుండును, అంతియే.

తలిదండ్రులతో కొంచెము మనసిచ్చి మాటలాడవలసియున్నది. మీ బిడ్డను రెండవ జట్టులో వేసిరని విన్నపుడు మీకు కలుగు నొప్పి మే మెరుగుదుము. అది ఆటకు సంబంధించిన నొప్పి గాదు. నలుగురిలో తక్కువ చేసిరన్న నొప్పి. మైదానపు కంచె వద్దకు వచ్చి "మావాడు ఎవరికి తీసిపోయినాడండీ?" అని అడిగిన తండ్రులను చూచియున్నాము. కంచె లోపలి నుండి బాలుడు ఆ మాట వినుచుండును. ఆ క్షణమువరకు వానికి రెండవ జట్టు ఒక జట్టు. ఆ తరువాత అది ఒక యవమానము. మీరు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: "మావాడు ఇప్పుడు ఏమి నేర్చుకొనవలెను? మరల ఎప్పుడు చూతురు?" దీనికి ఉపాధ్యాయుడు జవాబు చెప్పలేకపోయినచో అప్పుడు మీరు కోపగించుట న్యాయమే. మొదటి జట్టులోని బాలుని తలిదండ్రులకును ఒక మాట. మీవాడు ఆరు వారములు క్రింది జట్టులో ఆడి చిన్నవారిని నడిపించి రమ్మన్న దినమున ఇంటిలో సంతాపసభ జరుపవలదు.

ఉపాధ్యాయులకు మా విన్నపము: నోటీసు పలకచేత ఈ వార్త చెప్పింపకుడు. పట్టిక పెట్టుటకు ముందే, చోటు మారిన ప్రతి బాలుని ప్రక్కకు పిలిచి రెండు నిమిషములు మాటలాడుడు. ఎందుకు మార్చితిరో, ఏ పని నేర్చుకొనవలెనో, ఏ తేదిని తిరిగి చూతురో చెప్పుడు. ఆ తేదిని మరువకుడు. ఒక నోటుబుక్కులో ప్రతి బాలుని పేరున వాడు ఆడిన స్థానములు, ఆడిన నిమిషములు వ్రాసియుంచుడు. మూడు మాసముల కొకసారి వరండా స్తంభము వద్ద నిలిపి ఎత్తు గుర్తువేయుడు. తడబడుచున్నవాడు శ్రద్ధ తప్పినవాడో, ఎదుగుచున్నవాడో ఆ స్తంభమే చెప్పును.

మే మెరిగిన వేరొక ఊరి పాఠశాలలో ఒక బాలుడుండెను. ఆరవ తరగతిలో రెండవ జట్టు. ఏడవ తరగతిలో రెండవ జట్టు, అదియు గోడమీద. రెండేండ్లలో ఒక్కసారియైన వానితో ఎవరును మాటలాడలేదు. ఎనిమిదవ తరగతిలో బంతిని మానివేసెను. పదవ తరగతి నాటికి ఆ తరగతిలో వానికంటె పొడుగరి లేడు. సైకిలుమీద మైదానము ప్రక్కనుండి ఇంటికి పోవునపుడు ఒక్కొక్క దినము కాలు నేల నానించి నిలిచి చూచెడివాడు. ఆ సంవత్సరము ఆ పాఠశాల జట్టునకు పొడవైన బ్యాకు లేక మిక్కిలి చిక్కుపడినది. వానిని పిలువవలెనని ఎవరికిని తోచలేదు. పిలిచినను వచ్చియుండెడివాడో లేదో. జట్టునకు ఒక బ్యాకు పోయెను, అది స్వల్పము. వానికి పోయినవి నాలుగు సంవత్సరముల సాయంకాలములు.

బాలికల జట్టును గూర్చి వేరుగ వ్రాయవలసినంత విషయము గలదు, ఈసారికి ఒక్కటి. బాలికలు ముందుగా ఎదుగుదురు గనుక ఆరవ, ఏడవ తరగతులలో వారు బాలురతో కలిసి చిన్న భాగములలో ఆడుటకు దేహరీత్యా అడ్డంకి యేమియు లేదు. ఇంగ్లండు సంఘము వారు 18 ఏండ్ల లోపు వారికి కలిసి ఆడుటకు అనుమతి నిచ్చియున్నారు. మన బాలికలకు జట్టు నిండుటకు చాలినంత మంది లేరని ప్రతి యేటను వినుచున్నాము. అయిదుగురు చాలు ఆటకు ఆ చిక్కు లేదు.

దీనికంతకును కావలసిన వ్యయము కొద్దిపాటిది. సున్నము, పాత ఇటుకలు, రెండు రంగుల బనియనులు మన యొద్దనే యున్నవి. బంతులు మాత్రము చాలవు. మన దగ్గర నున్నవన్నియు 5వ నంబరు బంతులు. చుట్టుకొలత 68 మొదలు 70 సెంటీమీటర్లు, పెద్దవారికి తగినవి. 12 ఏండ్ల లోపు పిల్లలకు 4వ నంబరు బంతి తగును. చుట్టుకొలత సుమారు 64 మొదలు 66 సెంటీమీటర్లు, బరువును తక్కువ. ఈ సంవత్సరము తమ పేర వెండి షీల్డు నొసంగ దలచిన పూర్వవిద్యార్థు లెవరైన నున్నచో, షీల్డునకు బదులు 4వ నంబరు బంతులు ఎనిమిది పంపవలసినదిగా ప్రార్థించుచున్నాము. గాలి కొట్టు పంపు మన యొద్ద గలదు; దాని సూదులు పోయినవి, అవియు రెండు పంపిన మేలు.